టీచర్ల ఫారిన్ ట్రిప్ పిక్నిక్ అవ్వకూడదంటే లీడర్ ఏం చేయాలి?

వెనక మంచు, ముందు కోట్లు వేసుకుని నిలబడ్డ మన గవర్నమెంట్ టీచర్లు. ఇలాంటి ఫోటో చూడగానే చాలామంది అనే మాట ఒకటే: "మా ట్యాక్స్ డబ్బుతో పిక్నిక్కా?"

ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. ఢిల్లీ ప్రభుత్వం టీచర్లను ఫిన్లాండ్ పంపుతానంటే, ఖర్చుకు తగ్గ లాభం ఉందా అని లెఫ్టినెంట్ గవర్నర్ వైపు నుంచి ప్రశ్న వచ్చింది. 2023 జనవరిలో అది పెద్ద గొడవే అయింది. 2024 అక్టోబర్‌లో పంజాబ్ 72 మంది ప్రైమరీ టీచర్లను ఫిన్లాండ్‌లోని తుర్కు యూనివర్సిటీకి ట్రైనింగ్ కోసం పంపింది.

ఇలాంటి ట్రిప్ పనికొస్తుందా లేదా అన్నది ఎక్కువగా గ్రూప్‌ని నడిపించే లీడర్ మీదే ఉంటుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తా. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు ఎవరైనా ఆన్‌సైట్ నుంచి తిరిగొస్తే మేనేజర్ ఫోటోలు అడిగేవాడు కాదు. "కేటీ ఎప్పుడు ఇస్తున్నావ్?" అనేవాడు. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, నేర్చుకున్నది టీమ్‌కి అందించడం. టీచర్ల ట్రిప్‌కీ అదే కావాలి.

మొదటి పని బయల్దేరకముందే ఉంటుంది. ఒక్కో టీచర్‌తో ఒక్కో ప్రశ్న రాయించాలి. "ఫిన్లాండ్ చదువు ఎలా ఉంటుంది?" అంటే గూగుల్ చాలు. "మూడో క్లాసుకొచ్చినా చదవలేని పిల్లల్ని ఎవరు, ఎప్పుడు గుర్తిస్తారు?" అని అడిగితే క్లాసులో ఏం చూడాలో తెలుస్తుంది. అక్కడ చాలా బడుల్లో దీనికోసం స్పెషల్ టీచర్ ఉంటారు. వెనకబడిన పిల్లలకి మొదట్లోనే సాయం అందుతుంది.

రెండోది, అక్కడికెళ్లాక. పర్మిషన్ లేకుండా పిల్లల ఫోటోలు తీయొద్దని లీడర్ ముందే చెప్పాలి. వెనక బెంచీలో కూర్చుని, టీచర్‌ని కాకుండా పిల్లల్ని గమనించమనాలి. సాయంత్రం షాపింగ్‌కి ముందు ఓ గంట అందరూ కూర్చోవాలి. "నేను చూసింది" ఒక పేజీలో, "నాకు అనిపించింది" ఇంకో పేజీలో రాయాలి. రెండూ కలిపేస్తే గొప్పలే మిగులుతాయి.

మూడోది, కాపీ పేస్ట్ ఆపడం. వేరేవాళ్ల కోడ్ తెచ్చి పెట్టేస్తే రన్ అవ్వదు, దాని డిపెండెన్సీలు కూడా ఉండాలి కదా! ఫిన్లాండ్ 1990ల మొదట్లోనే స్కూల్ ఇన్‌స్పెక్షన్లు ఎత్తేసింది. కానీ అక్కడ క్లాస్ టీచర్ అవ్వాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. ఆ నమ్మకం వెనక అంత ట్రైనింగ్ ఉంది. పైగా పీసా పరీక్షలో ఫిన్లాండ్ మ్యాథ్స్ స్కోర్ 2006లో 548, 2022లో 484. 2022లో 575తో ఫస్ట్ వచ్చిన సింగపూర్‌లో పరీక్షల ఒత్తిడి ఎక్కువే. కాబట్టి ఏ దేశాన్నీ మొత్తంగా దించుకోలేం.

నాలుగోది, అందరూ మర్చిపోయేది: తిరిగొచ్చాక కేటీ. మన దగ్గర స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఎలాగూ జరుగుతాయి. అక్కడ స్లైడ్లు చూపించడం కన్నా, జపాన్ టీచర్లు చేసే లెసన్ స్టడీ మంచి పద్ధతి. కొందరు కలిసి ఒక పాఠం ప్లాన్ చేస్తారు. ఒకరు చెప్తారు, మిగతావాళ్లు వెనక నిలబడి పిల్లలకి ఎక్కడ అర్థం కాలేదో రాసుకుంటారు. తర్వాత ఆ పాఠం గురించే మాట్లాడుకుంటారు. దీనికి కొత్త బిల్డింగూ అక్కర్లేదు, ట్యాబూ అక్కర్లేదు.

లీడర్ అక్కడితో వదిలేయకుండా, నెల తర్వాత ఆ బడులకి మళ్లీ వెళ్లాలి. అప్పుడు ట్రిప్‌కి వెళ్లొచ్చిన టీచర్ క్లాసు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ పక్క గదిలో, అసలు ఫ్లైటే ఎక్కని టీచర్ క్లాసులో కూడా కూర్చోవాలి. అక్కడ ఆఖరి బెంచీ పాప నిన్నటిదాకా చదవలేని వాక్యాన్ని ఇవాళ చదివితే, ఆ టికెట్ డబ్బులు వచ్చేసినట్టే.

ఈసారి అలాంటి గ్రూప్ ఫోటో కనిపిస్తే, తిరిగొచ్చాక కేటీ ఇచ్చారా అని అడగండి.