డెంటిస్ట్ భయానికి గాడ్జెట్స్: ఇయర్‌బడ్స్, వీఆర్ బాక్స్, స్మార్ట్‌వాచ్‌లలో ఏది నిజంగా పనిచేసింది?

ఇయర్‌బడ్స్ రివ్యూల్లో మెట్రో సౌండ్ ఎంత తగ్గింది, ఏసీ సౌండ్ ఎంత తగ్గింది అని అందరూ చెబుతారు. పళ్ల డాక్టర్ డ్రిల్ సౌండ్ ఎంత తగ్గిందో ఎవరూ చెప్పరు. మా తమ్ముడి పుణ్యమా అని ఈ రెండు నెలల్లో ఆ టెస్ట్ కూడా అయిపోయింది.

మా ఇల్లు పత్తర్‌గట్టిలో. చార్మినార్ నుంచి మదీనా వైపు వెళ్తుంటే రాతి కమాన్ల కింద బట్టల షాపులు, ముత్యాల షాపులు ఉంటాయి కదా, వాటి వెనక సందులో. తమ్ముడికి 15 ఏళ్లు, టెన్త్. దవడ పన్ను నొప్పి పెడుతున్నా ఎవరికీ చెప్పకుండా, అమ్మ మందుల డబ్బాలోంచి నొప్పి మాత్రలు తీసి వేసుకుంటూ వచ్చాడు. బుగ్గ వాచాక గానీ మాకు తెలియలేదు. "ముందే ఎందుకు చెప్పలేదురా?" అని అడిగితే, "చెప్తే తీస్కపోతరు కదక్కా" అన్నాడు.

వాడి 11 ఏళ్లప్పుడు ఒక క్లినిక్‌లో "ఊరికే చూస్తా అంతే" అని నోరు తెరిపించి సూది వేశారు. వాడు దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. ఫిల్లింగ్‌తో పోయేది కాస్తా ఆలస్యం వల్ల రూట్ కెనాల్ దాకా వచ్చింది. అంటే మూడు సిట్టింగ్స్. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అక్క ఉండి ఏం లాభం అనిపించి, ఇంట్లో ఉన్న గాడ్జెట్స్ అన్నీ బయటికి తీశాను.

ముందు భయాన్ని కొలవండి

బెంచ్‌మార్క్ లేకుండా ఫోన్ రివ్యూ చేయం కదా, ఇదీ అంతే. డెంటల్ భయానికి "మోడిఫైడ్ డెంటల్ యాంగ్జైటీ స్కేల్" అని ఒకటి ఉంది. 1995లో వచ్చింది. మొత్తం ఐదు ప్రశ్నలు: రేపు డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలంటే, వెయిటింగ్ రూమ్‌లో కూర్చుంటే, డ్రిల్ పెడుతుంటే, పళ్లు క్లీన్ చేస్తుంటే, చిగురుకి ఇంజెక్షన్ ఇస్తుంటే మీకు ఎలా ఉంటుంది అని. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 19 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే భయం బాగా ఎక్కువ ఉన్నట్టు.

ఫోన్‌లో ఒక ఫామ్ చేసి తమ్ముడికి పంపాను. ఎదురుగా అడిగితే "నాకేం భయం" అనేవాడు, ఫోన్‌లో మాత్రం నిజం చెప్పాడు: 4, 4, 5, 3, 5. మొత్తం 21. ఆ స్క్రీన్‌షాట్ డాక్టర్‌కి చూపించడం మేం చేసిన మొదటి మంచి పని.

రీల్స్ ఆపండి, సౌండ్ క్లిప్ పెట్టుకోండి

రాత్రి వాడి ఫోన్ చూస్తే హిస్టరీ నిండా రూట్ కెనాల్ వీడియోలే. ఒకటి చూస్తే అల్గారిదమ్ పది తెచ్చి పెడుతుంది. అన్నీ క్లోజప్‌లో రక్తం, సూది. సెర్చ్ హిస్టరీ క్లియర్ చేసి, అలాంటివి వచ్చినప్పుడల్లా "నాట్ ఇంట్రెస్టెడ్" కొట్టమన్నాను.

మరి పూర్తిగా తప్పించుకోవడం మంచిదా? కాదు. భయాన్ని కొంచెం కొంచెంగా, మన కంట్రోల్‌లో ఎదుర్కోవడం అనేది సీబీటీ అనే థెరపీలో ముఖ్యమైన పద్ధతి. స్వీడన్‌లో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు డెంటిస్ట్ అంటే భయపడే పిల్లలకు, టీనేజర్లకు దీన్ని ఇంటర్నెట్ ద్వారా ఇచ్చి చూశారు. మేం చేసింది దానికి చాలా చిన్న దేశీ వెర్షన్. వీడియో లేకుండా డ్రిల్ సౌండ్ మాత్రమే ఉన్న క్లిప్ ఒకటి పెట్టుకున్నాం. మొదటి రోజు తక్కువ వాల్యూమ్‌లో 30 సెకన్లు. రోజూ కాస్త పెంచాలి, స్టాప్ బటన్ మాత్రం వాడి చేతిలోనే. వారం తర్వాత ఆ సౌండ్ వింటూ ఇరానీ చాయ్ తాగాడు.

ఏఎన్‌సీ: అనుకున్నంత సీన్ లేదు

యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్ బయటి శబ్దానికి వ్యతిరేక తరంగాన్ని పుట్టించి దాన్ని కొట్టేస్తుంది. ఇది బస్ ఇంజిన్, ఫ్యాన్ లాంటి లో ఫ్రీక్వెన్సీ శబ్దాలకు బాగా పనిచేస్తుంది. సుమారు 1,000 హెర్ట్జ్ దాటాక దాని బలం తగ్గిపోతుంది. డెంటిస్ట్ వాడే ఎయిరోటర్ నిమిషానికి 3 లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది, దాని కీచు శబ్దం ఆ హద్దుకి చాలా పైన. దాన్ని తగ్గించేది ఏఎన్‌సీ చిప్ కాదు, చెవిని మూసే సిలికాన్ టిప్. అంటే వెయ్యి రూపాయల బడ్స్ అయినా టిప్ సరిగ్గా కూర్చుంటే చాలు.

ఇక్కడే ట్విస్ట్. డ్రిల్ శబ్దం గాలిలోంచి మాత్రమే రాదు, పన్ను నుంచి దవడ ఎముక ద్వారా నేరుగా లోపలి చెవికి వెళ్తుంది. ఒకసారి రెండు చెవులూ వేళ్లతో మూసుకుని "మ్‌మ్‌మ్" అనండి. మీ గొంతు పెద్దగా వినిపిస్తుంది కదా? చెవి మూస్తే ఎముక ద్వారా వచ్చే లో సౌండ్ పెరుగుతుంది. అలాగే టైట్ టిప్స్ వల్ల కీచు తగ్గినా, "గుర్ర్" అనే వైబ్రేషన్ ఎక్కువ తెలుస్తుంది. మొదటి సిట్టింగ్‌లో తమ్ముడు సరిగ్గా ఇదే కంప్లైంట్ చేశాడు.

రెండోసారి సెట్టింగ్ మార్చాం. ఒక్క చెవికే బడ్, వాల్యూమ్ సగం, రెండో చెవి డాక్టర్ మాటకి. పాటల బదులు పాత క్రికెట్ మ్యాచ్ కామెంటరీ. పాట దానంతట అది పోతుంది, కామెంటరీ అయితే స్కోరు ఫాలో అవ్వాలి, మనసు అటు వెళ్తుంది. పెద్ద హెడ్‌ఫోన్స్ మాత్రం వద్దు, కుర్చీలో తల పక్కకి తిప్పడానికి అడ్డం వస్తాయి.

వీఆర్ బాక్స్: ఐడియా సూపర్, మా బడ్జెట్‌లో ఫెయిల్

వీఆర్‌తో నొప్పి మీంచి దృష్టి మళ్లించడం కొత్తేమీ కాదు. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో హంటర్ హాఫ్‌మన్ టీమ్ కాలిన గాయాలున్న పేషెంట్ల కోసం "స్నోవరల్డ్" అనే మంచు లోకం తయారు చేసింది. డెంటల్ నొప్పికి వీఆర్ వాడి చూసిన కేసుల్ని 2001లోనే ప్రచురించారు.

మేం ఫోన్ పెట్టుకునే చవక బాక్స్ ఒకటి కొన్నాం. తమ్ముడి ఫోన్‌లో జైరోస్కోప్ లేదు, తల తిప్పినా సీన్ తిరగలేదు. కొనేముందు మీ ఫోన్ స్పెక్స్‌లో జైరోస్కోప్ ఉందో లేదో చూసుకోండి. నా ఫోన్ పెడితే బరువు ముక్కు మీద పడింది, డాక్టర్ చేతికి కూడా అడ్డం. మంచి హెడ్‌సెట్ క్లినిక్ వాళ్ల దగ్గరే ఉంటే వేరే సంగతి.

వాచ్: హార్ట్ రేట్ చూడకండి

వెయిటింగ్ రూమ్‌లో బ్రీతింగ్ యాప్ బాగానే పనిచేసింది. వైబ్రేషన్‌తో పాటు ఊపిరి పీల్చి వదలడమే. కానీ హార్ట్ రేట్ 110 అని కనబడగానే వాడికి ఇంకా కంగారు. మత్తు ఇంజెక్షన్‌లో చాలాసార్లు అడ్రినలిన్ కలుపుతారు, దానివల్ల కూడా కాసేపు గుండె దడ రావచ్చని డాక్టర్ చెప్పారు. ఆ స్క్రీన్ తీసేసి వాచ్‌లో ఇంటర్వల్ టైమర్ పెట్టాం. ప్రతి 3 నిమిషాలకు మణికట్టు మీద వైబ్రేషన్ వస్తుంది, డాక్టర్ 10 సెకన్లు ఆపుతారు. ముందే మాట్లాడుకున్న డీల్ ఇది. మధ్యలో చెయ్యి ఎత్తితే వెంటనే స్టాప్.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే. "ఎప్పుడు అయిపోతది" అని తెలియకపోవడమే వాడి భయంలో సగం. టైమర్ దాన్ని మూడేసి నిమిషాల ముక్కలు చేసింది.

ఫైనల్ వెర్డిక్ట్

మూడో సిట్టింగ్ తర్వాత మళ్లీ అదే ఫామ్ నింపాడు: 3, 2, 3, 2, 5. మొత్తం 15. ఇంజెక్షన్ మార్కు కదల్లేదు. దానికి సూదికి ముందు చిగురు మీద రాసే జెల్ అడగండి, గాడ్జెట్ కాదు.

కొత్తగా ఏమీ కొనకండి. ఉన్న బడ్స్‌లో ఒకటి, ఫోన్‌లో ఒక టైమర్, ఐదు ప్రశ్నల స్కోరు చాలు. ఇవన్నీ డాక్టర్ ఒప్పుకుంటేనే పనిచేస్తాయి, కాబట్టి అపాయింట్‌మెంట్ అప్పుడే మాట్లాడండి. ఖర్చు సమస్య అయితే మా వైపు వాళ్లకి నయాపుల్ దాటగానే అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజ్ హాస్పిటల్ ఉంది. భయం పళ్ల దగ్గరే ఆగకుండా నిద్ర, చదువు దాకా వస్తుంటే టెలీ మానస్ 14416కి కాల్ చేయొచ్చు. ఇక బుగ్గ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా సౌండ్ క్లిప్‌తో ప్రాక్టీస్ చేస్తూ కూర్చోకండి, అదే రోజు వెళ్లండి.

మొన్న తమ్ముడు తనంతట తనే వచ్చి, "అక్కా, పై పన్ను కొంచెం జివ్వుమంటోంది, చూపిద్దామా?" అన్నాడు. ఈసారి ఫిల్లింగ్‌తోనే అయిపోయింది.