పెద్ద చేపను కొత్త తొట్టిలోకి మార్చడం: నేను చేసిన తప్పు, ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి

ఈసారి వీడియో జీడితోట గురించి కాదు, చేప గురించి. ఉద్దానంలో మా పెరట్లో కోయి కార్పు చేపలు పెంచుతున్నాను. తొట్టి నీళ్ళు మార్చినప్పుడల్లా పాత నీళ్ళు కూరగాయ మడులకి, కొబ్బరి మొదళ్ళకి పోతాయి. చేప రెట్టలోని నత్రజని మొక్కకి పనికొస్తుంది. అందుకే ఈ చేపలు నాకు వ్యవసాయంలో భాగమే.

మొదటిసారి చేప మార్చినప్పుడు మాత్రం ఘోరంగా దెబ్బతిన్నాను. నాలుగేళ్ళు పెంచిన చేప, రెండు కిలోల పైమాటే. కొత్త తొట్టి కట్టిన పది రోజులకే బోరు నీళ్ళు నింపి, మిట్టమధ్యాహ్నం వలతో ఎత్తి వేసేశాను. సాయంత్రానికి పైకి వచ్చి నోరు తెరిచి గాలి పీల్చడం మొదలెట్టింది. తెల్లారేసరికి వెల్లకిలా తేలింది. మా నాన్న ఒకే మాట అన్నారు: "నారు పీకి నాటేటప్పుడు ఇంత తొందర పడవు కదరా." తర్వాత పీహెచ్ పేపరు ముంచితే ముదురు నీలం రంగుకి తిరిగింది. అప్పుడర్థమైంది, చేపని చంపింది రోగం కాదు, నా తొందర.

ముందు తొట్టిని సిద్ధం చేయాలి

కొత్త సిమెంటు నుంచి సున్నం నీళ్ళలోకి దిగుతుంది. పీహెచ్ 10 దాటినా ఆశ్చర్యం లేదు. ఆ నీళ్ళు మొప్పల్ని కాల్చేస్తాయి. అందుకే తొట్టి నిండా నీళ్ళు పెట్టి, అరటి బోదె ముక్కలు వేసి, నాలుగైదు రోజులకోసారి పారబోసి మళ్ళీ నింపాలి. ఇలా మూడు నాలుగు సార్లు. చివర్లో బోదె ముక్కలన్నీ తీసేసి కడగాలి, లేకపోతే కుళ్ళి నీళ్ళలో ఆక్సిజన్ తినేస్తాయి. మంచి నీళ్ళు నింపాక రెండు మూడు రోజులు వరసగా పీహెచ్ 8.5 లోపు ఉంటేనే తర్వాతి పని.

ఏ నీళ్ళు?

బోరు నీళ్ళలో అప్పుడే తోడినప్పుడు ఆక్సిజన్ చాలా తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండొచ్చు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ సమస్య. 2023 డిసెంబరులో ప్రారంభమైన ఉద్దానం మంచినీటి పథకంలో హిరమండలం రిజర్వాయరు నుంచి వచ్చే నీళ్ళు మనిషి తాగడానికి శుద్ధి చేసినవి, నేరుగా చేపకి పనికిరావు. బోరు నీళ్ళయినా, కుళాయి నీళ్ళయినా ఎయిర్ పంపు పెట్టి రెండు రోజులు ఆడించాలి.

పాత ఫిల్టరు పారేయొద్దు

చేప వదిలే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చేవి బాక్టీరియా. జీవామృతం వాడే మనకి ఈ మాట కొత్త కాదు. కొత్త తొట్టిలో అవి నిలదొక్కుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత ఫిల్టరులోని స్పాంజి, రాళ్ళు తడి ఆరకుండా కొత్త ఫిల్టరులో పెడితే ఆ సమయం బాగా తగ్గుతుంది. కుళాయి కింద కడిగితే మాత్రం ఆ బాక్టీరియా చస్తుంది. పాత తొట్టి నీళ్ళలోనే జాడించాలి.

మార్చే రోజు

ఒక రోజు ముందు నుంచి మేత ఆపాలి. కడుపు ఖాళీగా ఉంటే టబ్బులో నీళ్ళు పాడవవు. పని తెల్లవారుజామున, చల్లటి వేళ పెట్టుకోవాలి.

పెద్ద చేపని వలతో పైకి ఎత్తకూడదు. దాని బరువుకి నీళ్ళే ఆధారం. గాల్లోకి లేపితే ఆ బరువంతా వల దారాల మీద పడి పొలుసు ఊడుతుంది, రెక్కలు చీలతాయి, ఒంటి మీద జిగురు పోతుంది. ఆ జిగురే దానికి రక్షణ. రంగుల కోయిని మొదట పెంచింది జపాన్‌లో నిగాటా వైపు వరి రైతులు. అక్కడ ఇప్పటికీ పెద్ద చేపని వలతో మెల్లగా దారి మళ్ళించి, నీళ్ళలోనే టబ్బులోకి నడిపిస్తారు. వీడియోలో నేను, మా తమ్ముడు చేసింది అదే: 60 లీటర్ల టబ్బు ముంచి, చేప లోపలికి వచ్చాక నీళ్ళతో సహా ఎత్తి, పైన తడి గోనె కప్పాం. చీకటిగా ఉంటే చేప కొట్టుకోదు.

టబ్బులో లీటరుకి రెండు మూడు గ్రాముల రాళ్ళ ఉప్పు, అంటే 60 లీటర్లకి 120 నుంచి 180 గ్రాములు వేస్తే చేపకి ఒత్తిడి తగ్గుతుంది. మనకి నౌపడ ఉప్పు పక్కనే ఉంది. తొట్టిలో మాత్రం వేయకండి, ఆ నీళ్ళు రేపు మడుల్లోకి పోవాలి.

టబ్బులో ఎయిర్ స్టోన్ పెట్టి, ఐదు నిమిషాలకోసారి రెండు మూడు చెంబుల కొత్త నీళ్ళు పోయాలి. టబ్బు నిండితే సగం తీసేసి మళ్ళీ పోయాలి. ఇలా గంటసేపు. రెండు నీళ్ళ వేడి ఒకటయ్యాక టబ్బుని తొట్టిలో వాల్చితే చేప తనంతట తానే వెళ్ళిపోతుంది.

దూరం నుంచి కవరులో వచ్చిన చేపకి పద్ధతి వేరు. మూసిన కవరులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది, దానివల్ల అమ్మోనియా అంత విషంగా ఉండదు. కవరు విప్పగానే ఆ గ్యాసు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి మూసిన కవరునే అరగంట నీళ్ళపై తేలనిచ్చి, విప్పాక ఆలస్యం చేయకుండా చేపని తొట్టిలోకి పంపాలి. కవరు నీళ్ళు తొట్టిలో పోయొద్దు.

తర్వాత రెండు వారాలు

కొత్త చోట కోయి ఎగిరి బయట పడుతుంది, మొదటి వారం పైన వల కట్టండి. ఒక రోజు మేత వద్దు, ఆ తర్వాత సగం మేత. అమ్మోనియా కిట్టుతో రోజూ చూసి, రంగు మారితే పావు వంతు నీళ్ళు మార్చండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన ఊళ్ళు ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు.

చివరి మాట. చేప పెద్దదైపోయిందని, పెంచలేమని చెరువులో వదిలేయకండి. అక్వేరియం నుంచి బయటపడ్డ దెయ్యం చేప మన రాష్ట్రంలో చెరువు రైతులకి ఎంత తలనొప్పయిందో చూస్తూనే ఉన్నాం. పెంచేవాళ్ళకి ఇచ్చేయండి.

వీడియోలో కనిపించే చేప రెండోది. మార్చిన మూడో రోజు చేతి దగ్గరకి వచ్చి మేత తీసుకుంది. మొదటిదానికి కూడా ఆ మూడు వారాలు ఓపిక పట్టి ఉంటే బతికేది.