చిన్నపెట్టె కంప్యూటరునకు కెమెరా

నల్లగొండ, పాలమూరు పట్టణములలో ఇంటినుండియే కొలువు చేయు స్త్రీలు ఇప్పుడు కొందఱు కలరు. వారిలో కొందఱికి కంపెనీవారు పెద్ద కంప్యూటరునకు మాఱుగా అరచేయి వెడల్పు గల చిన్నపెట్టె నొకదానిని పంపుచున్నారు. దీనిని థిన్ క్లయింటు అందురు. పని యంతయు చక్కగా సాగుననియు, కెమెరా తగిలించినంతనే చిక్కు లారంభమగుననియు సోదరీమణులు కొందఱు మాతో చెప్పిరి. ఆ సంగతి యిచట వ్రాయుచున్నాము.

ముందుగా తెలియవలసిన దేమనగా, ఈ పెట్టె చెఱువు కాదు, తూము. లెక్కయు, వ్రాతయు, దాచుటయు దూరముననున్న సర్వరు అను పెద్ద కంప్యూటరులో జరుగును. మనము నొక్కిన అక్షరమును అచటికి పంపి, అచటి చిత్రమును మన తెరమీదికి తెచ్చుటయే పెట్టె పని. ఇట్టి ఏర్పాటు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మన రెండు జిల్లాలును ఆంధ్రప్రదేశములో నున్న దినములలో, 2008లో, ఆ ప్రభుత్వము ఎన్‌కంప్యూటింగు వారి పరికరములతో 5,000 పాఠశాలలలో 10,000 కంప్యూటర్లను 50,000 స్థానములకు పంచు పథకమును తలపెట్టినది. అనగా ఒక్క కంప్యూటరు అయిదుగురు పిల్లలకు.

2020లో కరోనా బడులను మూయించినప్పుడు తెలంగాణ సర్కారు సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు చెప్పించెను. అందు బిడ్డ గురువును చూచునే గాని గురువు బిడ్డను చూడడు. కొలువులో అట్లు కుదరదు. సమావేశమునందు మన ముఖము కనబడవలెను, మన మాట వినబడవలెను. కొత్త కొలువునకు పరీక్షించువారు కెమెరాలోనే చూతురు. ఆ గడియలో తెర నల్లబడినచో చేతికందిన యుద్యోగము జాఱిపోవచ్చును.

కెమెరా యేల మొరాయించును? సాధారణమైన చిన్న చిత్రమునే తీసికొందము: అడ్డముగ 640, నిలువుగ 480 చుక్కలు, సెకనునకు 30 బొమ్మలు. దీనిని ఉన్నదున్నట్లు పంపినచో సెకనునకు 14 కోట్ల 74 లక్షల బిట్లగును. పెక్కు పాత పెట్టెల తీగదారి పట్టునది 10 కోట్లు మాత్రమే. ఇంటి ఇంటర్నెట్టు ఎక్కించు బరువు అంతకన్న తక్కువ. జొన్నకంకులను చొప్పతోసహా బండి కెత్తినట్లే గదా! కల్లములో నూర్చి గింజను మాత్రము పంపవలెను. పెట్టెయే చిత్రమును కుదించి పంపినచో పది యిరువది లక్షల బిట్లతో పని తీఱును. కావున కెమెరాను యు.ఎస్.బి. పరికరముగ సర్వరునకు అప్పగింపరాదు; వీడియోగ పంపు ఏర్పాటును ఎన్నుకొనవలెను. విండోసు రిమోట్ డెస్క్‌టాపులో లోకల్ రిసోర్సెస్ అను చోట, మోర్ అను మీట నొక్కినచో, వీడియో క్యాప్చర్ డివైసెస్ అను గడి కనబడును. దానిని గుర్తించి తరువాత సర్వరునకు పోవలెను. సిట్రిక్సులోను ఇట్టి సదుపాయము కలదు.

రక్షణకై సర్వరువైపుననే కెమెరాను నిషేధించు కార్యాలయములును కలవు. అప్పుడు ఇంటిలో నెన్ని తంటాలు పడినను ఫలము లేదు. మేమెఱిగిన యొక యింట ఈ సంగతి తెలియక రెండవ కెమెరా కొనిరి, అదియు పలుకలేదు! మొదట పెట్టెలోనే కెమెరా కనబడుచున్నదా యని చూచి, కనబడినచో కంపెనీ సాంకేతికుని అడుగుట మేలు.

తీగలేని కీబోర్డు, మౌసులకు ఇంత గొడవ లేదు. వాని బుల్లి బిళ్లను పెట్టెకు గ్రుచ్చిన చాలును. సర్వరునకు అప్పగింప నక్కఱలేదు. కాని నీలిరంగు రంధ్రములలో, అనగా యు.ఎస్.బి. 3.0 నందు, పనిచేయు పరికరము ప్రక్కనే యున్నచో దాని సందడి 2.4 గిగాహెర్ట్జు అలలకు అడ్డు తగులును; మౌసు తడబడును. మూరెడు పొడవు గల పొడిగింపు తీగతో బిళ్లను దూరముగ నుంచినచో సరిపడును. మన రాతిగోడల యిండ్లలో వైఫై గదినుండి గదికి క్షీణించును గనుక, పెట్టెకు మాత్రము తీగతోనే ఇంటర్నెట్టు ఇచ్చుట మంచిది.

బ్లూటూతు హెడ్‌సెట్టు సంగతి వేఱు. దానిని సర్వరులో కాక పెట్టెతోనే జత కలుపవలెను. ఇచట నొక విచిత్రము. తెల్లవాఱగానే వాకిలి కడిగి నిన్నటి ముగ్గును చెఱిపినట్లు, విండోసుతో నడచు పెక్కు పెట్టెలు ఆర్పి వెలిగించినంతనే మనము చేసిన మార్పులన్నిటిని తుడిచివేయును. యూనిఫైడ్ రైట్ ఫిల్టరు అను కావలి చేయు పని యిది. పురుగు చొరకుండుటకై పెట్టిన కావలి యైనను, నిన్న కలిపిన హెడ్‌సెట్టును నేడు ఎఱుగదు. సాంకేతికునిచే కావలిని ఒకసారి తొలగింపించి, జత కలిపి, మరల నిలిపించుకొనవలెను. వేసవిలో కరెంటు పలుమాఱు పోవు మన యూళ్లలో ఇది ముఖ్యము.

కడపట, కెమెరా యింటిలోని కన్ను. పిల్లలు, అత్తగారు, పొరుగువారు తిరుగుచోట దానిని గోడవైపు చూచునట్లు అమర్చుడు. పని ముగియగనే మూత వేయుడు. మూత లేనిది కొనకుడు. అయితే మూత చూపునే ఆపును. వంటింటి మాటలు మైకులో పోవుచునే యుండును. దానిని వేఱుగ ఆపవలెను; పెక్కు హెడ్‌సెట్లకు తీగమీదనో చెవికప్పుమీదనో అందుకు మీట యుండును.