అయిదెకరాల రైతుకు ఏ ట్రాక్టర్ మేలు?

అశ్వశక్తి కంటే ముందు పని గంటలు లెక్కించాలి

గాంధారి: తొలకరికి ముందు గాంధారి పరిసర గ్రామాలలో విత్తనాలు, ఎరువుల మాటతో బాటు ట్రాక్టర్ మాట కూడా వినిపిస్తుంది. ఎడ్లు తగ్గిపోయాయి. అరక కట్టే మనిషి దొరకడం గగనమైంది. కిరాయి ట్రాక్టర్ వచ్చేసరికి పదును ఆరిపోతోంది. ఈ బాధ పడేకన్నా అప్పో సప్పో చేసి సొంతానికి ఒకటి కొనుక్కుంటే పోతుందని నాలుగైదు ఎకరాల కుటుంబాలు కూడా ఆలోచిస్తున్నాయి. ఆలోచన మంచిదే. అయితే ఏ బండి కొనాలనే ప్రశ్న కంటే ముందు మరొక ప్రశ్న ఉంది. ఇంట్లో ఆ బండికి ఏడాదికి ఎన్ని గంటల పని ఉంది? ఈ లెక్క వేయకుండా షోరూము మెట్లెక్కిన వారికి అక్కడ ఎవరూ ఆ లెక్క వేసి పెట్టరు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం సుమారు ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ట్రాక్టర్ ఖర్చు లెక్క కట్టేటప్పుడు ఇంజనీర్లు సాధారణంగా ఏడాదికి వెయ్యి గంటల పనిని ప్రమాణంగా తీసుకుంటారు. ఈ రెంటికీ ఎంత దూరమో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

గంటల లెక్క

అయిదెకరాల రైతునే తీసుకుందాం. బోరు కింద రెండెకరాల వరి, మిగతా మూడెకరాల చెలకలో మక్క, పత్తి. కరిగెట దున్నడానికి ఎకరానికి మూడు గంటల చొప్పున వానాకాలం, యాసంగి కలిపి 12 గంటలు. చెలకలో కల్టివేటర్ సాళ్లు, రొటవేటర్ కలిపి మరో 12 గంటలు. పెంట తోలడం, గడ్డి తేవడం, ధాన్యం, మక్కలు మార్కెట్టుకు చేర్చడం వంటి ట్రాలీ పనులకు ధారాళంగా 36 గంటలు వేసుకున్నా మొత్తం 60 గంటలకు మించదు. గంటకు 1,200 రూపాయల కిరాయి అనుకుంటే ఏడాదికి 72 వేలు.

ఇక కొనుగోలు చూద్దాం. ట్రాక్టర్, కల్టివేటర్, రొటవేటర్, కేజ్ వీల్స్, ట్రాలీ అన్నీ కలిపి 9 లక్షలు అయిందనుకుందాం. చేతి నుంచి రెండున్నర లక్షలు పెట్టి, మిగిలిన ఆరున్నర లక్షలు నూటికి 12 వడ్డీతో అయిదేళ్లకు అప్పు తెస్తే, ఆరు మాసాలకొకసారి కట్టవలసిన కిస్తీ సుమారు 88 వేలు. ఏడాదికి 1 లక్ష 77 వేలు. బీమా, సర్వీసు, ఆయిలు, టైర్ల అరుగుదలకు 35 వేలు వేసుకుంటే 2 లక్షల 12 వేలు. చేతి నుంచి పెట్టిన రెండున్నర లక్షల వడ్డీ ఈ లెక్కలో చేర్చనే లేదు.

డీజిల్ ఖర్చు పోను గంటకు 700 మిగులుతుందనుకున్నా ఈ భారం తీరడానికి ఏడాదికి 300 గంటల పైచిలుకు బండి తిరగాలి. అందులో సొంత పని 60 గంటలే. మిగిలిన 240 గంటలు ఊళ్లో కిరాయికి దొరకాలి. అది కూడా ఇంటి కొడుకే డ్రైవరై జీతం అడగకుండా ఉంటేనే. ధరలు, కిరాయిలు ఊరికొక తీరుగా ఉంటాయి గనుక ఈ అంకెలు మచ్చుకు మాత్రమే. ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. లెక్క తీరు మాత్రం మారదు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఊళ్లో కిరాయి గిరాకీ ఎంతో ఉందనిపిస్తుంది. నిజమే, మృగశిర వానలకు అందరికీ ఒకేసారి ట్రాక్టర్ కావాలి. ఆ పది, పదిహేను రోజులు పగలూ రాత్రీ నడిపినా తీరదు. ఆ తరువాత బండి వేపచెట్టు కింద నిలబడుతుంది. అప్పటికే ఊళ్లో ఎనిమిది, పది ట్రాక్టర్లు ఉంటే ఆ పదిహేను రోజుల గిరాకీని అందరూ పంచుకోవలసిందే. పైగా కిరాయి డబ్బులు వెంటనే రావు. పంట అమ్మినాక ఇస్తామంటారు. బ్యాంకు మాత్రం పంట అమ్మేదాకా ఆగదు.

నేలను బట్టి బండి

లెక్క కుదిరిందనుకుందాం. అప్పుడు నేల చూడాలి. నిజాంసాగర్ కాలువల కింద బాన్సువాడ, వర్ని వైపు వరి మడులకు సరిపోయే ట్రాక్టరే గాంధారి చెలకలకూ సరిపోవాలని లేదు. అటు బంధువుల ఇంట్లో చూసి వచ్చి అదే కావాలని పట్టుబట్టేవారు ఉన్నారు. ఇక్కడ బోర్లు, చెరువుల కింద వరి కొంత, మిగతాది మెట్ట.

ఎర్ర చెలక పదును మీద ఉన్నప్పుడు సులువుగా తెగుతుంది. ఆరిందంటే గట్టిపడుతుంది, రాళ్లు తగులుతాయి. నల్లరేగడి తడిసినప్పుడు జిగటగా పట్టుకుని లాగుడు ఎక్కువ అడుగుతుంది. తొమ్మిది నాగళ్ల కల్టివేటర్, అయిదడుగుల రొటవేటర్ ఈ నేలల్లో సాఫీగా నడవాలంటే 35 నుంచి 45 అశ్వశక్తి గల ట్రాక్టర్ కావాలి. కిరాయిలకు కూడా తిప్పదలచిన వారికి ఈ తరగతే అనువు. మనవైపు ఎక్కువగా కనబడే బండ్లూ ఇవే గనుక మెకానిక్కు, సామాను, పాత బండి కొనేవాడు ముగ్గురూ సులువుగా దొరుకుతారు.

సొంత అయిదెకరాలకే పరిమితమయ్యే రైతుకు 20 నుంచి 28 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టర్ చాలు. వెడల్పు తక్కువ కాబట్టి సాళ్ల మధ్య దూరం సరిపడా ఉంచిన పత్తిలో అంతర కృషికి వాడుకోవచ్చు. డీజిల్ తక్కువ తాగుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే రకమైతే కరిగెటలో కూరుకుపోవడం తక్కువ. బరువైన ట్రాక్టర్ పదేపదే తొక్కితే మడి అడుగున ఉండే గట్టి పొర పగిలి, ఏటికేడు దిగబడే లోతు పెరుగుతుంది. తేలిక బండికి ఈ దోషం తక్కువ. అయితే చిన్న బండి నిండు ట్రాలీ ధాన్యంతో చెరువు కట్ట ఎక్కలేదు, అయిదడుగుల రొటవేటర్ తిప్పలేదు. దానికి తగిన చిన్న పనిముట్లు వేరే కొనాలి. అమ్మబోతే పెద్ద బండికి వచ్చినంత గిరాకీ రాదు. రెండెకరాల వరి తప్ప మరేమీ లేనివారు పవర్ టిల్లర్‌తోనే సరిపెట్టుకోవచ్చు. నడుము నొప్పి మాత్రం లెక్కలో వేసుకోవాలి.

చిన్న ట్రాక్టర్ అంటే చిన్నచూపు అవసరం లేదు. 1974లో పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ స్వరాజ్ పేరుతో తెచ్చిన తొలి ట్రాక్టర్ శక్తి పాతిక అశ్వశక్తికి కొద్దిగా పైమాటే. దుర్గాపూర్‌లోని కేంద్ర పరిశోధనా సంస్థలో మన ఇంజనీర్లే దాని నమూనా తయారు చేశారు. గాంధారి ఓటర్లున్న జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలోనే, జహీరాబాద్ దగ్గర, 2013లో ప్రారంభమైన మహీంద్రా కర్మాగారంలో కూడా 20 నుంచి 40 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఫ్యాక్టరీ దగ్గరున్నంత మాత్రాన ధర తగ్గదు, అది వేరే సంగతి.

ఇక 50 అశ్వశక్తి దాటిన బండ్ల మీద యువకులకు మోజు ఎక్కువ. ఈ తరగతికి 2023 జనవరి నుంచి పొగ నిబంధనలు కఠినమయ్యాయి. దాంతో ఇంజన్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు చేరి ధరలు పెరిగాయి. చాలా కంపెనీలు 49 చిల్లర దగ్గరే ఆపి అమ్మడంలోని రహస్యం ఇదే. అయిదెకరాల ఇంటికి ఈ తరగతితో పని లేదు.

రిపోర్టు అడగండి

బానెట్ మీద రాసిన అశ్వశక్తి ఇంజనుది. రొటవేటర్ తిప్పేది వెనక ఉన్న పి.టి.ఓ. షాఫ్టు. అక్కడికి చేరే శక్తి అంతకంటే తక్కువే ఉంటుంది. కనుక "ఎన్ని హెచ్.పి.?" అని కాక, "పి.టి.ఓ. దగ్గర ఎంత?" అని అడగాలి. డీలరు నోటిమాటగా చెప్పింది నమ్మనక్కరలేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వపు ట్రాక్టర్ పరీక్షా సంస్థ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం దగ్గర గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన దక్షిణాది సంస్థ కూడా వ్యవసాయ యంత్రాలను పరీక్షిస్తుంది. పి.టి.ఓ. శక్తి, డీజిల్ వాడకం, హైడ్రాలిక్ ఎత్తే బరువు, లాగే శక్తి అన్నీ ఆ రిపోర్టులలో ఉంటాయి. ఇంగ్లీషు చదవగల పిల్లవాణ్ణి వెంట తీసుకుపోయి ఆ నాలుగు అంకెలు రెండు మూడు కంపెనీలవి పక్కపక్కన రాయిస్తే చాలు, బ్రోషరులోని బొమ్మలకంటే ఎక్కువ తెలుస్తుంది.

1,800 సి.సి. లోపు ట్రాక్టర్ల మీద 12 శాతంగా ఉన్న జి.ఎస్.టి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు తగ్గింది. బిల్లులో ఈ శాతం రాయించుకుని చూడాలి. ఆపైన "తయారీ ఖర్చులు", "ఫైల్ ఖర్చులు" అంటూ చేర్చే వేల రూపాయలకు రసీదు అడిగితే సగం వాటంతటవే మాయమవుతాయి.

షోరూము ఎంత పెద్దదో కాదు, మెకానిక్కు ఎంత దూరంలో ఉన్నాడో చూడాలి. కరిగెట నడుమ బండి ఆగితే గంటలో మనిషి రావాలి. ఫలానా కంపెనీ బండి మూడేళ్లుగా వాడుతున్న రైతు పక్క ఊళ్లో ఉంటే, అతణ్ణి ఒక్కమాట అడగడం పది ప్రకటనల పెట్టు.

అప్పు కాగితాల దగ్గర

పట్టా పాసుబుక్కు బ్యాంకులో పెట్టిన తరువాత ట్రాక్టర్ ఇంటి సామాను కాదు, భూమికి ముడిపడిన బాధ్యత. హామీ లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణాల పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి 2 లక్షలు చేసింది. ట్రాక్టర్ అప్పు దానిని దాటుతుంది గనుక భూమి తాకట్టు అడగవచ్చు. పంట ఏడాదికి రెండుసార్లు చేతికొచ్చే ఇంటికి నెలనెలా కిస్తీ ఉరితాడే. ఆరు మాసాల కిస్తీ కావాలని మొదటే అడగాలి. బ్యాంకు ఆలస్యమవుతుందని ప్రైవేటు ఫైనాన్సు వైపు పోయేవారు వడ్డీ శాతంతో బాటు, కిస్తీ తప్పితే పడే జరిమానా ఎంతో చదివించుకోవాలి. అంకె వేయని చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇవ్వడం మంచిది కాదు. చెక్కు తిరిగొస్తే కోర్టు కేసు అవుతుంది.

అన్నదమ్ములో, గెట్టు పొరుగు రైతులో ముగ్గురు కలిసి కొంటే 15 ఎకరాల పని ఒక బండికి దొరుకుతుంది. చిక్కల్లా ఎవరి చేను ముందు అన్నదగ్గరే. రిజిస్ట్రేషన్ ఒకరి పేరనే ఉంటుంది. కిస్తీలో ఎవరి వాటా ఎంత, తొలి పదునులో ఎవరి వంతు ముందు, ఎవరైనా తప్పుకుంటే ఎంత ఇవ్వాలి అన్నవి కొనకముందే కాగితం మీద పెట్టుకున్నవారికి తగవులు తక్కువ.

ట్రాలీ మనుషుల బండి కాదు

ట్రాలీకి కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. నాట్లకు, కలుపులకు కూలీలను అందులో ఎక్కించుకుపోవడం అన్ని ఊళ్లలో అలవాటైపోయింది. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టర్ కాలువలో పడి 9 మంది కూలీ మహిళలు మరణించారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర అలాగే 15 మంది పోయారు. ట్రాలీలో మనుషులను ఎక్కించాక ప్రమాదం జరిగితే బీమా దక్కడం కష్టం. ఆ భారమూ బండి యజమాని మీదనే పడవచ్చు. పి.టి.ఓ. షాఫ్టు మీది తొడుగు అడ్డమని తీసి పారేసేవారున్నారు. పంచె కొంగో, చీర చెంగో దానికి చుట్టుకుంటే మనిషిని విడిపించే వ్యవధి ఉండదు.

పాత బండి కొనేవారికి

కొత్తది అందనివారికి అయిదారేళ్ల పాత బండి మేలైన బేరమే. కాకపోతే బయానా ఇవ్వకముందే ఆర్.సి. చూడాలి. దాని మీద ఫైనాన్సు పేరు ఇంకా ఉంటే, అప్పు తీరినట్టు ఆ సంస్థ ఇచ్చిన పత్రం లేకుండా బేరం ముట్టుకోరాదు. ఇంజను, ఛాసిస్ నంబర్లు కాగితంతో సరిపోల్చాలి. గంటల మీటరు ఆగిపోయి ఉంటే క్లచ్, బ్రేకు పెడళ్ల అరుగుదల చూస్తే బండి ఎంత తిరిగిందో తెలుస్తుంది. రొటవేటర్ ఎత్తించి, ఇంజను ఆపి పావుగంట చూడాలి. అది మెల్లగా కిందికి దిగిపోతుంటే హైడ్రాలిక్ పని ఉన్నట్టే. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందన్నమాట.

అన్నిటికంటే ముఖ్యం, బండిని పొద్దున్నే, ఇంకా స్టార్ట్ చేయకముందే చూడాలి. అరిగిన ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొండికేస్తుంది, ఒకసారి వేడెక్కాక మంచిగానే నడుస్తుంది. వెళ్లగానే ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. అప్పటికే వెచ్చగా ఉంటే బేరం మాట ఎత్తకుండా, రేపు ఉదయం వస్తామని చెప్పి వచ్చేయాలి.