ఆగితే కలుపు తగ్గుతుంది, వాన వస్తే విత్తనమే పడదు

సెప్టెంబరు సగం దాటిందంటే నాకు వచ్చే ఫోన్లన్నిటిలోనూ ఒకటే ప్రశ్న. "నేల పదునుగా ఉంది, గోధుమ వేసేద్దామా?" ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌షైర్, హంటింగ్డన్ చుట్టుపక్కల బంకమట్టి నేలల్లో నేను పంట సలహాదారుగా పనిచేస్తున్నాను. చదివింది బాపట్ల వ్యవసాయ కళాశాలలో. మందులు సిఫార్సు చేయాలంటే ఇక్కడ బేసిస్ అనే అర్హత ఉండాలి, వచ్చాక ఆ పరీక్ష రాశాను. ఫోను చేసిన వాళ్లలో చాలామందికి నేను చెప్పే జవాబు: అక్టోబరు సగం దాటేదాకా ఆగుదాం. కళ్లెదుట ఎండ కాస్తుంటే, విత్తనం వేసే డ్రిల్లు ట్రాక్టరుకు తగిలించి ఉంటే, ఆ మాట వినడం రైతుకు ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక్కడ గోధుమ పది, పదకొండు నెలల పంట. చలికి ముందు వేస్తే మరుసటి ఆగస్టులో కోతకొస్తుంది. హెక్టారుకు సగటున 8 టన్నులు, అంటే ఎకరానికి 32 క్వింటాళ్ల దాకా పండుతుంది. సెప్టెంబరులో నేల ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి మొలక గబగబా వచ్చి, చలి ముదిరేలోపు పిలకలు వేస్తుంది. పంట వరకే చూసుకుంటే తొందరగా వేయడమే మేలు. ఆగమనేది బ్లాక్‌గ్రాస్ అనే కలుపు వల్ల.

నవంబరులో చేలో మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప ఇది గోధుమలో కలిసిపోయి కనిపించదు. వేళ్లతో మెల్లగా పెకలించి చూడాలి. గోధుమ మొలక ఆకు మొదట్లో కాండాన్ని చుట్టుకుని, నూగుతో రెండు చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. బ్లాక్‌గ్రాస్‌కు అవి ఉండవు. ఆకు సన్నం, కాండం అడుగున తరచుగా ఊదా ఛాయ. జూన్‌కల్లా గోధుమ కంకుల పైకి నల్లటి సన్నని వెన్నులు లేస్తాయి. ఒక్కో వెన్నులో వంద గింజల దాకా ఉంటాయి, ఒక్కో మొక్కకు ఎన్నో వెన్నులు. గోధుమ కోతకు రాకముందే ఆ గింజల్లో ఎక్కువ భాగం నేలరాలిపోతాయి. వాటిలో మొలిచేవి నూటికి ఎనభై పాళ్లు శరత్కాలంలోనే మొలుస్తాయి, అంటే సరిగ్గా మనం గోధుమ వేయాలనుకునే రోజుల్లో. ఆగితే అవి ముందే మొలుస్తాయి. వాటిని కలుపు మందు గ్లైఫోసేట్‌తో చంపి, నేలను పెద్దగా కదపకుండా విత్తనం వేయవచ్చు.

గోధుమ చేలో పిచికారీ చేసే మందులు ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. కానీ 1982లోనే ఎసెక్స్‌లోని పెల్డన్‌లో మందుకు లొంగని బ్లాక్‌గ్రాస్ బయటపడింది. ఆ తర్వాత కొత్త మందు వచ్చినప్పుడల్లా కొన్నేళ్లు ఊరట, మళ్లీ మొదటికే. మన పంజాబ్, హర్యానాల్లో 1990ల మొదట్లో గోధుమ చేలల్లోని గుల్లీ దండా అనే కలుపు ఐసోప్రోట్యూరాన్‌కు లొంగకపోవడం ఇలాంటి కథే. మందుకు లొంగని బ్లాక్‌గ్రాస్ వల్ల ఏటా 40 కోట్ల పౌండ్లు, 8 లక్షల టన్నుల గోధుమ నష్టమవుతున్నాయని 2019లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనం లెక్కగట్టింది. డబ్బాలో మందు ఉంది కదా అని ధీమాగా ఉండే రోజులు పోయాయి.

మందు కాకుండా చేయగలిగినవాటిని పరిశోధకులు ఎన్నో పొలాల్లో కొలిచారు. విత్తనం ఆలస్యం చేస్తే బ్లాక్‌గ్రాస్ సగటున 31 శాతం తగ్గింది. నాగలితో లోతుగా తిరగేస్తే 69 శాతం. అసలు చలికాలం ముందు ఏమీ వేయకుండా వసంతంలో బార్లీలాంటి పంట వేస్తే 88 శాతం. ఈ అంకెలు చూస్తే అందరూ వసంతపు పంటకే మారాలనిపిస్తుంది. కానీ దాని దిగుబడి తక్కువ, బంకమట్టి మార్చి దాకా ఆరదు. ఆ ఏడాది ఆదాయం ఎంత తగ్గుతుందో రైతు పక్కన కూర్చుని లెక్క వేయకుండా ఆ సలహా ఇవ్వడం అన్యాయమని నా అభిప్రాయం.

ఆగడంలో ఉన్న ప్రమాదాన్ని 2019 శరత్కాలం చూపించింది. వానలు పట్టుకుని వదల్లేదు. చెప్పిన మాట విని ఆగిన చాలామందికి విత్తనం వేసే వీలే దొరకలేదు. 2020లో బ్రిటన్ గోధుమ పంట 97 లక్షల టన్నుల దగ్గర ఆగిపోయింది, 1981 తర్వాత అంత తక్కువ అదే.

అందుకే విత్తే తేదీని బట్టే యంత్రాన్నీ ఎంచుకోవాలి. సెప్టెంబరులో పొడినేల మీద డిస్క్ డ్రిల్లు హాయిగా పోతుంది. అక్టోబరు చివర తడి బంకలో అదే డిస్కు గాడి గోడల్ని మెత్తి నున్నగా చేస్తుంది, గింజ ఆ గాడిలో నీళ్లలో కుళ్లుతుంది. కర్రులున్న టైన్ డ్రిల్లు అక్కడ నయం. దొరికే పొడి రోజులు కొన్నే కాబట్టి వెడల్పాటి డ్రిల్లు కావాలనిపిస్తుంది. వెడల్పు పెరిగితే బరువు పెరుగుతుంది, దాన్ని లాగే ట్రాక్టరు బరువూ పెరుగుతుంది, తడి నేల అణగారిపోతుంది. నేను వెళ్లే ఒక తండ్రీ కూతుళ్ల పొలంలో ఆరు మీటర్ల కొత్త డ్రిల్లు కొనాలని తండ్రి పట్టుబట్టారు. కూతురు పాత డిస్క్ డ్రిల్లు ఉంచుకుని, తేలికపాటి నాలుగు మీటర్ల సెకండ్‌హ్యాండ్ టైన్ డ్రిల్లు తెచ్చింది. నేను ఆమె వైపే. ఏ యంత్రమైనా ముందు పార తీసుకుని తవ్వాలి. విత్తనం పడే లోతులో మట్టిని అరచేతుల మధ్య నలిపితే తాడులా సాగిందంటే ఆ రోజు ట్రాక్టరు షెడ్డులోనే ఉండాలి.

కలుపు మరీ ముదిరిన చేలకు నేను చెప్పేది గడ్డి. రెండు మూడేళ్లు గడ్డి వేసి, బ్లాక్‌గ్రాస్ గింజ కట్టకుండా మేపడమో కోయడమో చేస్తే, నేలలో ఉన్న గింజల్లో ఏటా సుమారు 70 శాతం చచ్చిపోతాయి. వందలో ముప్పై, తర్వాత తొమ్మిది, తర్వాత మూడు. అయితే గడ్డి మేసే నోళ్లు కావాలి. ఇంగ్లండ్ తూర్పు జిల్లాల్లో చాలా పొలాలు పశువుల్ని ఎప్పుడో వదిలేశాయి. కంచెల్లేవు, నీళ్ల తొట్లు లేవు, గొర్రెకు కుంటు వస్తే గుర్తుపట్టే మనిషీ లేడు. అందుకే గొర్రెలున్న వేరే రైతుతో ఒప్పందం చేసుకుంటారు, మన రైతులు చేలో గొర్రెల మంద కట్టించుకున్నట్టే. కరెంటు కంచె ఎవరు వేయాలి, రోజూ ఎవరు చూడాలి, వానకు మేత చేను బురదైతే మందను తోలడానికి ఆరిన గడ్డిచేను ఎక్కడుంది, ఇవన్నీ ముందే కాగితం మీద రాసుకోవాలి. కొత్త చోటికి గొర్రెలు వస్తే, ఇంగ్లండ్‌లో అక్కడి పశువుల్ని మామూలుగా ఆరు రోజుల పాటు బయటికి తోలకూడదన్న నిబంధనా ఉంది. బురదలో గొర్రెలు తొక్కిన చేను వసంతంలో గట్టిపడి విత్తనానికి పనికిరాకుండా పోవడం నేను చూశాను. మందను ఒక రోజు ఆలస్యంగా తీసినా ఆ నష్టం జరుగుతుంది.

ఒకప్పుడు ఇంత యాతన లేదు. గోధుమ తర్వాత ఆవజాతి నూనెపంట రేప్ వేసేవారు. అందులో బ్లాక్‌గ్రాస్‌ను చంపే వేరే రకం మందు వాడే వీలుండేది. 2013 చివర్లో నియోనికోటినాయిడ్ పురుగుమందులతో చేసే విత్తనశుద్ధి మీద ఆంక్షలు వచ్చాక లేత మొలకల్ని గిల్లే ఫ్లీ బీటిల్ పురుగు విజృంభించింది. 2012లో 7.5 లక్షల హెక్టార్లున్న రేప్ 2021కి 3 లక్షలకు పడిపోయింది. తేనెటీగల కోసం వచ్చిన ఆంక్షల్ని నేను తప్పుపట్టను. కానీ పంట మార్పిడిలో ఆ ఖాళీని ఏ పంటా పూర్తిగా పూడ్చలేదు.

ఈ ఏడు ఆ తండ్రీ కూతుళ్లకు చేల వరుస రాసిచ్చాను. కలుపు దాదాపు లేని మూడు చేలలో అక్టోబరు మొదటి వారంలోనే గోధుమ వేస్తాం. మధ్యస్థంగా ఉన్నవాటికి ఇంకో రెండు వారాలు ఆగుతాం. వాగు పక్కనున్న అధ్వాన్నమైన చేను ఆఖరు. అప్పటికి వాన పట్టుకుంటే దానికి గోధుమ లేదు, వసంతంలో బార్లీయే. ఆ బార్లీ విత్తనానికి కూతురు ఇప్పటికే ఆర్డరు పెట్టింది.