బందరు అంగళ్లు, పెడన అద్దకము

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు బందరను మారుపేరుగల మచిలీపట్టణమున 1611లో తమ వర్తకశాలను నెలకొల్పుకొనిరి. డచ్చివారు అంతకు కొలది సంవత్సరములు ముందే వచ్చి యుండిరి. వీరినందరిని ఇచ్చటికి రప్పించినది కృష్ణాతీరపు బట్ట. జావా, సుమత్రా ద్వీపములలో మిరియములు కొనవలెనన్నను అచ్చటి జనులు మారకముగా కోరునది ఈ తీరపు వస్త్రమే యగుటచేత, సుగంధద్రవ్యములకై బయలుదేరిన ఓడలు మొదట మన రేవున ఆగి మూటలు నింపుకొని గాని తూర్పునకు సాగెడివి కావు. అద్దకపు నూలుబట్టలపై ఐరోపావారికి కలిగిన మోజు ఎంతటిదనగా, తమ నేతగాండ్ర మొర ఆలకించి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను వాటిని శాసనములతో అరికట్టవలసి వచ్చెను. అట్టి రేవు క్రమముగా ప్రాభవము కోల్పోయినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. ఓడలు పోయినను చేతిపని పోలేదు. నేడు బందరు వెళ్లువారు చూడవలసినది దానినే.

కోనేరు సెంటరు చుట్టుపట్ల వీధులలో తిరిగినచో పట్టణపు బజారు స్వరూపము తెలియును. మిఠాయి దుకాణములలో బందరు లడ్డు కలదు. శెనగపిండిని నేతిలో వేయించి, రోట దంచి, బెల్లపు పాకముతో కలిపి మరల దంచుదురు గనుక దానికి తొక్కుడు లడ్డని పేరు. 2017లో భౌగోళిక గుర్తింపును పొందినది. చిలకలపూడి వైపు పోయినచో పాండురంగస్వామి కోవెలతోబాటు గిల్టునగల పనివారి ఇండ్లు కానవచ్చును. ఒకరు తీగ లాగుదురు, ఒకరు అచ్చు పోయుదురు, ఒకరు రాళ్లు పొదుగుదురు, మరియొకరు మెరుగు పెట్టుదురు. ఒక్క గాజు ఇన్ని ఇండ్లు తిరిగి గాని అంగడి చేరదు. బంగారము కొనలేని ఇల్లాండ్రకు పెండ్లినాటి ముచ్చట తీర్చిన పని యిది. దీనిని చిన్నచూపు చూచుట న్యాయము కాదు.

అయినను బందరు ప్రయాణమునకు నిజమైన ఫలము, దాపుననే యున్న పెడనలో లభించును. కలంకారి అను పేర మన రాష్ట్రమున రెండు సంప్రదాయములు కలవు. శ్రీకాళహస్తివారు కలముతో పురాణకథలను చిత్రింతురు. పెడన, బందరు పనివారు టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుదురు. పారశీకపు బేరము వలన వచ్చిన లతలు, పూలు, నెమళ్లు, మామిడిపిందెలు ఈ అచ్చులలో నేటికిని నిలిచియున్నవి.

ఈ పని వేగముగా సాగునది కాదు. ముందుగా బట్టలోని గంజి పోవునట్లు ఉదికి ఎండలో చలువ చేసి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు రంగు అంచుదాటి పాకకుండ ఆపును. నలుపు కొరకు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది నానవేసి ఊరనిత్తురు. ఆ నీరు కరక్కాయ పట్టిన బట్టపై తగులుటతోనే నల్లబడును. ఎరుపు సంగతి విచిత్రమైనది. అచ్చుతో అద్దునది ఎరుపు కాదు, పటికనీరు. అద్దకపువాడు తడిమెత్తపై అచ్చును ఒత్తి, బట్టపై దించి, పిడికిట ఒక్క పోటు పొడిచి, వెంటనే దాని అంచునకు అంచు చేర్చి మరల దించును. గీత గీయక, కొలబద్ద పట్టక, కంటి అంచనాతోనే ఆరుగజముల చీర పొడవునను అతని చేయి తప్పదు. అద్దిన బట్టను పారు కాలువలో ఉదుకవలెను, ఏలయన విడిచిన పటిక నిలువనీటిలో మరల తెల్లని భాగములకు అంటుకొనును. పిమ్మట రాగికాగులో వేరుచెక్కలతోను ఆకులతోను మరగించినప్పుడు, పటిక తగిలిన చోటులందు మాత్రమే ఎరుపు పైకి తేలివచ్చును. పూర్వము ఈ ఎరుపును కృష్ణాతీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరు ఇచ్చెడిది. నేడు దాని స్థానమున అలిజరీను అను రంగును వాడుచున్నారు. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో ఈ పనివారికి కలుగు ఇబ్బంది బజారులో చీర కొనువారి ఊహకు అందదు.

పెడన నేతకును పేరుగన్న ఊరు. ఇచ్చటి చేనేత సహకార సంఘములు సభ్యులకు నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసికొని, కూలి చెల్లించును. ఆ బట్టను 1976లో ఏర్పడిన ఆప్కో అను రాష్ట్ర చేనేత సహకార సంఘము వంటి సంస్థలకు అమ్మును. ఏర్పాటు మంచిదే గాని, దాని ప్రాణము సరుకు అమ్ముడుపోవుటలో నున్నది. బట్ట గిడ్డంగిలో నిలిచిపోయిన నాడు సంఘమున డబ్బు ఆడదు. డబ్బు ఆడని నాడు నేతగాడు షావుకారు ఇంటి మెట్లెక్కి, అతడు చెప్పిన కూలికే మగ్గమున కూర్చుండవలసివచ్చును. చదువుతో చేతిపనిని కలిపి నేర్పవలెనని 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినదియు, 1923లో డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించినదియు ఈ బందరుననే. అట్టి చోట పనివాని సంఘము బలహీనపడుట నాకు మిక్కిలి బాధాకరమని తోచును.

దీనికి తోడు, తెరయచ్చుతో రసాయనపు రంగులు వేసి కలంకారి యని అమ్ము బట్ట బజారులో కొల్లలుగా నున్నది. అది చవుక, కంటికి ఒకేవిధముగా కనబడును, తెలియనివారు దానినే కొందురు. గుర్తుపట్టుట కష్టము కాదు. అచ్చునకు అచ్చు కలియుచోట వెంట్రుకవాసి ఎడమో, రవ్వంత మడతో కానవచ్చినచో అది మనిషి చేయి. బట్టను తిరగవేసి చూడుడు: అద్దకపు రంగు నూలులోనికి దిగి వెనుకకు తేలియుండును, పైపూత అయినచో వెనుక వైపు తెల్లబోయి యుండును.

కావున బందరు వెళ్లునప్పుడు అంగళ్లతోనే సరిపెట్టుకొనక, ఒక పూట పెడనకు కేటాయింపుడు. అద్దకపు శాలలో నిలబడి పని చూడుడు, సంఘపు దుకాణమున రసీదు అడిగి కొనుడు, చెప్పిన ధరపై గీచి గీచి బేరమాడకుడు.