వాటాల ఇంట్లో క్రాన్ కాపురం

తెలుగు సంఘాల సైట్లు, చిన్న పత్రికలు చాలావరకు షేర్డ్ హోస్టింగ్ మీదే నడుస్తాయి. ఖర్చు తక్కువ. కానీ ఒకే సర్వర్‌లో ఎన్నో సైట్లు కలిసి ఉంటాయి. వాటాల ఇంట్లో అద్దెకి దిగినట్టే: బావి అందరిదీ, తాళంచెవులు మాత్రం ఇంటి ఓనరువి.

నేను చూసుకునే ఒక పత్రిక సైటులో రాత్రిపూట రెండు పనులు వాటంతటవే జరగాలి. ఒకటి, డేటాబేస్‌కి బ్యాకప్ తీయడం. రెండు, కొత్త రచనల్ని పీడీఎఫ్‌గా మార్చడం. మొదటిది ఆగితే, డిస్కు పాడైన రోజున ఏళ్ళ తరబడి వచ్చిన కథలూ వ్యాసాలూ ఇంకెక్కడా దొరకవు. రెండోది సరిగ్గా జరగకపోతే ఒత్తులు పక్కకి జారిన తెలుగు పాఠకుల చేతికి వెళ్తుంది.

ముందు పీడీఎఫ్ సంగతి. గుణింతాలూ ఒత్తులూ తమ చోట్లలో కూర్చోవాలంటే హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ కావాలి. హోస్టు దగ్గర అది లేకపోయినా, మరీ పాతదైనా మనమే సోర్సు తెచ్చి కంపైల్ చేసుకోవాలి. రూట్ అధికారం ఉండదు కాబట్టి సిస్టం ఫోల్డర్లలో పెట్టలేం. అందుకే మొదట్లోనే ‘ప్రిఫిక్స్’ కింద మన హోం డైరెక్టరీలోని ఒక ఫోల్డరు పేరు ఇవ్వాలి. పాత కాన్ఫిగర్, మేక్ పద్ధతిలోనైనా, హార్ఫ్‌బజ్ ఇప్పుడు వాడే మీసన్‌లోనైనా సూత్రం ఇదే.

కంపైలర్‌ని ఒకేసారి పది ఫైళ్ళ మీదకి తోలకండి. ఒక్కొక్కటిగా, ‘నైస్’ కమాండుతో ప్రాధాన్యం తగ్గించి నడపండి. లేకపోతే పక్కవాటాల సైట్లు నెమ్మదిస్తాయి. మెమరీ హద్దు దాటితే సర్వరే దాన్ని మధ్యలో ఆపేస్తుంది. కొన్ని హోస్టుల్లో అసలు కంపైలరే ఇవ్వరు. అప్పుడు మన ఇంటి లినక్స్‌లో కంపైల్ చేసి ఎక్కించాలి. ఇంట్లోని గ్లిబ్‌సి సర్వర్‌లో ఉన్నదానికంటే కొత్తదైతే ప్రోగ్రాం మొదలవకపోవచ్చు. అదే వెర్షన్ గానీ అంతకంటే పాతది గానీ ఉన్నచోట కంపైల్ చెయ్యడం క్షేమం.

ఇక క్రాన్. చెప్పిన వేళకి చెప్పిన కమాండు నడపడమే దీని పని. 1979లో వచ్చిన యునిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఇది ఉంది. వరస మొదట్లో ఐదు గళ్ళు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఆ తర్వాత కమాండు.

చేత్తో నడిపితే చక్కగా నడిచిన స్క్రిప్టు రాత్రి క్రాన్‌లో ఎందుకు మొరాయిస్తుంది? మనం లాగిన్ అయినప్పుడు షెల్ మన సెట్టింగులన్నీ చదువుతుంది. క్రాన్ చదవదు. దానికి తెలిసిన ‘పాత్’లో సాధారణంగా ఒకటి రెండు సిస్టం ఫోల్డర్లే ఉంటాయి. మనం కష్టపడి కంపైల్ చేసుకున్న ప్రోగ్రాం వాటిలో లేదు. అందుకే ప్రతి ప్రోగ్రాంకీ, ప్రతి ఫైలుకీ పూర్తి చిరునామా రాయాలి. లైబ్రరీలున్న చోటు కూడా స్క్రిప్టులోనే చెప్పాలి. ఇంకో చిక్కు: క్రాన్ వరసలో % గుర్తుంటే అక్కడ లైను తెగిపోయినట్టే. బ్యాకప్ ఫైలు పేరులో తేదీ పెట్టేవాళ్ళు ఆ గుర్తు ముందు \ పెట్టాలి, లేదా తేదీ పనిని స్క్రిప్టు లోపల చెయ్యాలి.

మనలాంటివాళ్ళకి గడియారంతో మరో పేచీ. సర్వర్ షికాగో టైములో ఉందనుకోండి. ఇండియాలో అర్ధరాత్రి సంచిక రావాలని చలికాలంలో మధ్యాహ్నం 12:30 అని పెట్టాం. 2025 జనవరి 14 సంక్రాంతికి లెక్క సరిపోతుంది. మార్చి 9న అమెరికా గడియారాలు గంట ముందుకి జరిగాయి కాబట్టి, మార్చి 30 ఉగాది సంచిక మాత్రం ముందురోజు రాత్రి 11కే బయటికి వచ్చేస్తుంది. సర్వర్ యూటీసీలో ఉంటే 30 18 * * * అని రాస్తే చాలు, ఏడాది పొడుగునా ఇండియా అర్ధరాత్రే. అమెరికా టైములో ఉంటే రాత్రి ఒంటిగంటకీ మూడింటికీ మధ్య ఏ పనీ పెట్టకండి. మార్చిలో ఒక రాత్రి రెండు తర్వాతి గంట ఉండదు, నవంబరులో ఒంటిగంట రెండుసార్లు వస్తుంది.

క్రాన్ ఇచ్చే సందేశాలు మీ ఈమెయిలుకి వచ్చేలా పెట్టుకోండి. బ్యాకప్ కాపీ వేరే చోటికి పంపండి. అదే సర్వర్‌లో ఉంచుకుంటే ఇల్లు కాలాక బీరువా తాళంచెవి మిగిలినట్టే. నెలకోసారి ఆ కాపీని మీ కంప్యూటర్‌లో తెరిచి, పాత కథ ఒకటి చదివి చూడండి. అది కనబడితేనే బ్యాకప్ ఉన్నట్టు.